రెండో దారి లేని కోట

ఓడిపోవడం కూడా ఒక విద్యే. ఎదుటివాడికి అనుమానం రాకుండా, మధ్యమధ్య రోషం తెచ్చుకుంటూ, చివరిదాకా కొట్లాడినట్టే కొట్లాడి ఓడిపోవాలి. సంతోష్‌కు ఆ విద్య బొత్తిగా పట్టుబడలేదు. చిన్నప్పుడు తండాలో వాళ్ళమ్మ మంగ్లి వాడి ముఖం చూసే చెప్పేసేది వీడు బడి ఎగ్గొట్టాడని. ఇప్పుడు ఖమ్మంలో ఇరిగేషన్ ఆఫీసులో ఇంజనీరు, ఖానాపురం హవేలి కాలనీలో సొంత ఇల్లు, అయినా ముఖం మాత్రం ఆనాటిదే. అబద్ధం ఆడాలంటే ముందు చెవులు ఎర్రబడతాయి. అందుకే వరసగా కొన్ని ఆదివారాలు ఇల్లందు వచ్చి స్నేహితుడు సాయికృష్ణ చేతిలో ఆట ఓడిపోయి వెళ్తుంటే, సాయికృష్ణ పట్టేశాడు.

"నువ్వు కావాలనే ఓడిపోతున్నవ్ రా," అన్నాడు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి మాట కొంచెం ముద్దగా వస్తోంది కానీ మాటలోని కత్తెర ఎక్కడికీ పోలేదు.

"నేనెందుకు ఓడిపోత," అన్నాడు సంతోష్. చెవులు ఎర్రబడ్డాయి.

"చెవులు చూస్కో పో అద్దంల," అన్నాడు సాయికృష్ణ.

ఆట పేరు ఏడు కోటలు. ఇద్దరూ కొత్తగూడెంలో డిప్లొమా చదివేటప్పుడు ఒకే గదిలో ఉన్నారు. ఉద్యోగాలు వచ్చాక మొదట చేసిన పిచ్చి ఖర్చు ఈ ఆటే. పెద్ద అట్టడబ్బా, దాని నిండా కొయ్య సైనికులు, కోటలు, ధాన్యపు బిళ్ళలు, మడత విప్పితే బల్లంత పరుచుకునే పటం. పటం మీద ఏరు, అడవి, గుట్టలు. రాళ్ళు ఖర్చుపెట్టి కోట కట్టాలి, దానికి దారి వేయాలి, చలికాలం రాకముందే ప్రతి కోటలో ధాన్యం నింపాలి. నింపడం మరిచిన కోటలో మనుషులు చస్తారు. చివరి చలికాలం గడిచాక ఎవరి కోటలు ఎక్కువ మిగిలితే వాళ్ళు గెలిచినట్టు. వినడానికి ఇంతే. ఆడటానికి కూర్చుంటే పొద్దున టిఫిన్ తిన్నవాళ్ళు సాయంత్రం చాయ్ దాకా లేవరు. కోటలకు ధాన్యం పంపకం, ఏటికి వరద, ఎదుటివాడి సైన్యం, అన్నీ ఒకేసారి తలలో మోయాలి. సాయికృష్ణ మోసేవాడు. పన్నెండేళ్ళలో వాడి మీద సంతోష్ గెలిచిన ఆటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళ మూడో మనిషి బలరాం, మణుగూరు ట్రాన్స్‌ఫర్ అయి పోయేదాకా ఆడినా, ఒక్కటీ గెలవలేదు.

వాళ్ళ ఆటకు వాళ్ళవే కొన్ని పద్ధతులు ఉండేవి. సాయికృష్ణ భూగర్భ బొగ్గు గనిలో ఓవర్‌మన్. షిఫ్టులో దిగిన మనుషులందరి బాధ్యతా వాడిది. ఆట మధ్యలో వాడికి షిఫ్టు టైం అయితే ఆపేవాళ్ళు కాదు. వాడి చోట ఇంకొకరు బదిలీ ఆడేవాళ్ళు. గనిలో రాని మనిషి పని ఇంకొకడు బదిలీగా చేసినట్టే, ఇక్కడా బదిలీ కూర్చున్నవాడు తన సొంత ఆట పక్కనపెట్టి, రాని మనిషి కోసం ప్రాణం పెట్టి ఆడాలి. గెలుపు రాని మనిషిదే. బదిలీ ఆడుతూ కావాలని ఓడిపోవడమంత సిగ్గుమాలిన పని వాళ్ళ ముగ్గురి మధ్య ఇంకోటి లేదు.

ఒకసారి సాయికృష్ణ ఉండే కంపెనీ క్వార్టర్ కిటికీలోంచి కోతి దూరి ఒక ఎర్ర సైనికుణ్ణి ఎత్తుకుపోయింది. వెనకాల అంతా అడవే, కోతులకు కొదవలేదు. అప్పటి నుంచి ఆ సైనికుడి స్థానంలో ఒక చింతగింజ నిలబడుతోంది. ఎర్రవి ఎప్పుడూ సాయికృష్ణవే. ఆట అయిపోయి ముక్కలన్నీ డబ్బాలో వేస్తున్నప్పుడు వాడు ప్రతిసారీ ఒకటే అడిగేవాడు, షిఫ్టు చివర అడిగినట్టు.

"అందరు పైకొచ్చిండ్రా?"

"వచ్చిండ్రు," అనాలి వీళ్ళు.

"చింతగింజ?"

"వచ్చింది."

"అయితే ఇగ ఇంటికి పోదాం," అనేవాడు, తన ఇంట్లోనే కూర్చుని. ఒక్క ముక్క బల్ల కింద పడి ఉన్నా వాడి కన్ను తప్పించుకునేది కాదు. వీళ్ళు చూసుకోకుండా వచ్చిండ్రు అంటే అబద్ధమని పట్టేసేవాడు.

అటువంటి మనిషి ఎండాకాలం మొదట్లో షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేస్తూ బాత్రూంలో పడిపోయాడు. కంపెనీ దవాఖానా నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి మళ్ళీ ఇంటికి. కాలు కొంత వచ్చింది. కుడిచేయి రాలేదు. తల సంగతి డాక్టర్లు సూటిగా చెప్పలేదు. కొన్ని గుర్తుంటాయి, కొన్ని ఉండకపోవచ్చు, చూద్దాం అన్నారు. మెడికల్ బోర్డు ముందుకు వెళ్ళే రోజు దగ్గరపడింది. ఫిట్ అంటే పైన ఆఫీసులో తేలికపని ఇచ్చి ఉంచుకుంటారు. అన్‌ఫిట్ అంటే ఇక ఇంట్లోనే. కాలనీలో సగం మంది ఓదార్చడానికి వచ్చి, అన్‌ఫిట్ అయితే పిల్లగానికి నౌకరీ వస్తది కద అని శుభాకాంక్షలు చెప్పినట్టు చెప్పి, చాయ్ తాగి పోయారు. పిల్లవాడు ఇంకా హైస్కూలు కూడా దాటలేదు. సాయికృష్ణ భార్య సునంద వాళ్ళు తాగిన కప్పులు రెండుసార్లు తోమింది.

చెవులు చూసి పట్టేసిన ఆ ఆదివారమే సాయికృష్ణ సంతోష్‌తో అన్నాడు.

"వచ్చే ఆదివారం ట్యాబ్ తీస్కరా. ఇదే ఆట అండ్ల ఉందట గద."

"ఉంది. బల్ల మీద ఆడినట్టు ఉండదు రా."

"ఉండొద్దు. నాకు గదే కావాలె. మిషన్‌కు మొహమాటం లేదు." మాటలు కూడదీసుకుని చెప్పాడు. "దాని మీద గెలిస్తే నా తలకాయ బాగున్నట్టు. బోర్డు ముందు నిలవడి ఫిట్ అని కొట్లాడుత. ఓడిపోతే కొట్లాడ. అన్‌ఫిట్ కాయితం మీద సంతకం పెడుత."

"ఒక్క ఆటతోని ఏం తెలుస్తది."

"నాకు తెలుస్తది," అన్నాడు సాయికృష్ణ.

ఆ వారమంతా సంతోష్‌కు ఆఫీసులో పని సాగలేదు. ట్యాబ్‌లో ఆట కొని, ఇంట్లో ఆడి చూశాడు. అంతా అదే చేస్తోంది. ముక్కలు సర్దుతుంది, ధాన్యం లెక్క చూస్తుంది, తప్పు ఎత్తు వేయబోతే ముక్కనే కదలనివ్వదు. ఒంటిచేత్తో ఆడే మనిషికి ఇంతకంటే సుఖం ఏముంటుంది. బల్ల మీదైతే సైనికులు వాడి ఎడమచేతిలోంచి జారి కింద పడుతుంటే, వంగి ఏరుకోవడం సునంద వంతు. ఆమె ఏరుతున్నంతసేపూ వాడు గోడవైపు చూస్తుంటాడు. అది చూడలేకపోతున్నాడు సంతోష్. అయితే బల్ల మీద తాను ఉన్నాడు, దయ ఉంది. ట్యాబ్‌లో దయ లేదు. వెతికితే అందులో కూడా కొంచెం దొరికింది. యంత్రం ఎంత తెలివిగా ఆడాలో మనమే పెట్టుకోవచ్చు. అన్నిటికంటే కింద, ఆట అప్పుడే నేర్చుకునేవాళ్ళ కోసం ఒక మెట్టు ఉంది. సంతోష్ దాని మీద వేలు పెట్టి చాలాసేపు ఆలోచించి, చివరికి నొక్కాడు.

ఆదివారం పొద్దున బండి తీశాడు. కారేపల్లి క్రాస్ రోడ్డు దగ్గర తండావాళ్ళు ఎవరో పలకరిస్తే ఆగకుండా చెయ్యి ఊపి పోయాడు. బొగ్గు లారీల వెనకాల దుమ్ము మింగుతూ, మనసులో ఒకటే అనుకున్నాడు. చిన్న మెట్టు మీద ఎవడైనా గెలుస్తాడు. వీడు నవ్వుతాడు, బోర్డు ముందు ధైర్యంగా నిలబడతాడు. ఇందులో మోసం ఉంటే దాన్ని తానే మోస్తాడు.

సాయికృష్ణ గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పరీక్షకు వెళ్ళే పిల్లవాడిలా ఉన్నాడని సంతోష్‌కు అనిపించింది.

"ఏ లెవెల్ పెట్టినవ్?"

"నడిమిది," అన్నాడు సంతోష్, ఛార్జర్ వెతుక్కునే నెపంతో సంచిలో తలపెట్టి.

ఆట మొదలైంది. ఎడమచేతి చూపుడువేలితో సాయికృష్ణ ఒక్కొక్కటే జరిపాడు. మొదటి కోట ఏటి మలుపులో, ఎప్పుడూ కట్టే చోటే. చూసి సంతోష్‌కు ప్రాణం లేచి వచ్చింది. వంటింట్లోంచి సునంద తొంగిచూసింది. సంతోష్ బాగుంది అన్నట్టు తల ఊపాడు. ఆమె ఉల్లిగడ్డలు కోయడం మానేసి గుమ్మంలో నిలబడింది.

కానీ యంత్రం వేగంగా కోటలు కట్టుకుంటూ పోయింది. సాయికృష్ణ రెండు కట్టేసరికి అది నాలుగు కట్టింది. చలికాలం వచ్చింది. వాడి రెండో కోటలో ధాన్యం లేదు. తెర మీద సైనికులు ఒక్కొక్కరే మాయమయ్యారు. బల్ల మీదైతే సంతోష్ ఇట్లాంటప్పుడు ధాన్యపు బిళ్ళ ఒకటి చేతివాటంగా తోసేవాడు. ఇక్కడ తోయడానికి ఏమీ లేదు. మధ్యాహ్నం అన్నాలకు ముందే ఆట ముగిసింది. యంత్రం గెలిచింది.

సాయికృష్ణ వేలితో తెర మూల నొక్కి, లోపలికి వెళ్ళి, ఏ మెట్టు మీద ఆడారో చదివాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు అని రాసి ఉంది. రెండుసార్లు చదివాడు.

"నడిమిదా రా ఇది," అన్నాడు మెల్లగా.

సంతోష్‌కు భూమిలోకి దిగిపోవాలనిపించింది. సిగ్గుతో తల దించుకుంటే, తెర మీద యంత్రం కట్టిన కోటలు కనిపించాయి. చూస్తూ చూస్తూ ఒక్కసారి తల ఎత్తాడు.

"కృష్ణా, దారులు చూడు. మిషన్ ఒక్కొక్క కోటకు ఒక్కటే దారి వేసింది."

"అయితే?"

"మనం రెండు వేస్తం గద. రెండో దారి లేని కోట చెల్లదు అని నువ్వే పెట్టినవ్. పుస్తకంల అట్ల లేదు. ఒకటి చాలు."

నిజమే. మొదటి రోజు రూల్స్ పుస్తకం చదివింది సాయికృష్ణే. అప్పుడే గనిలో చేరాడు. మనిషి దిగే ఏ గనికైనా బయటికి రావడానికి రెండు దారులు ఉండి తీరాలి, ఒకటి మూసుకుపోతే రెండోది అని వాడికి నూరిపోసిన రోజులు. పుస్తకంలో కోటకు దారి ఉండాలి అని ఉంటే, వాడు రెండు అని చెప్పాడు. ఎవరూ పుస్తకం తిరగేసి చూడలేదు. పన్నెండేళ్ళుగా ముగ్గురూ కోటకు రెండేసి దారులు వేస్తూనే ఉన్నారు. ఇద్దరికీ అదే భారం కాబట్టి బల్ల మీద తేడా తెలియలేదు. యంత్రం ముందు మాత్రం వీడు రెట్టింపు రాయి మోసి ఓడిపోయాడు.

"అందుకే ఓడిపోయినవ్ రా. నీ తలకాయకు ఏం కాలే," అన్నాడు సంతోష్. ఈసారి చెవులు ఎర్రబడలేదు. తాను చెప్పింది తానే నమ్మాడు. సునంద చేతిలో కత్తి అట్లాగే పట్టుకుని వచ్చి మంచం అంచున కూర్చుంది.

"మల్ల పెట్టు," అన్నాడు సాయికృష్ణ. కళ్ళలో వెలుగు వచ్చింది.

అన్నాలు తినకుండానే మళ్ళీ మొదలుపెట్టారు. ఏటి మలుపులో కోట. ఒక్క దారి. తర్వాత గుట్ట కింద ఇంకో కోట. ఒక్క దారి. యంత్రం కంటే ముందున్నాడు. సునంద కంట్లో నీళ్ళు వస్తే ఉల్లిగడ్డల మీదికి నెట్టేసింది. సంతోష్ లోలోపల బోర్డు ముందు వీడు ఏం మాట్లాడాలో కూడా తయారుచేసేశాడు.

మూడో కోటకు సాయికృష్ణ మొదటి దారి వేసి, రెండోది మొదలుపెట్టాడు.

"ఒకటి చాలు రా," అన్నాడు సంతోష్.

"అవ్. చెప్పినవ్," అని వెనక్కి తీసుకున్నాడు.

నాలుగో కోటకు మళ్ళీ రెండు. సంతోష్ చెప్పాడు. అవ్ అన్నాడు. తర్వాత పాత కోటల దగ్గరికి పోయి వాటికి కూడా రెండో దారి వేయడం మొదలుపెట్టాడు. రాళ్ళన్నీ దారులకే అయిపోయాయి. ధాన్యం సంగతి వాడికి గుర్తులేదు.

"కృష్ణా, వద్దు. చలికాలం వస్తది. ధాన్యం చూడు."

సాయికృష్ణ తల ఎత్తి, కోపం లేకుండా, నిజంగా అర్థం కాక అడిగాడు.

"రెండో దారి లేకుంటే మనుషులు ఎట్ల బయటికొస్తర్రా?"

చలికాలం వచ్చి పోయింది. తెర మీద ఎర్ర కోటలన్నీ ఖాళీ అయ్యాయి. రెండు వైపులా చక్కగా దారులు వేసి, లోపల ఒక్క మనిషి లేని కోటలు. సునంద లేచి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి తాళింపు వాసన వచ్చింది.

తిన్నాక సాయికృష్ణ ట్యాబ్‌ను సంతోష్ వైపు జరిపాడు.

"ఇది తీస్కపో. బల్ల మీదనే పెట్టు."

సంతోష్‌కు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. బల్ల అంటే మళ్ళీ పాత పద్ధతే. తాను ఓడిపోతాడు, వాడు చెవులు చూసి తిడతాడు, ఎట్లాగో రోజులు గడుస్తాయి. డబ్బా దించి, పటం పరిచి, ఎర్రవి వాడి వైపు, నీలివి తన వైపు సర్దాడు. చింతగింజను ముందు వరసలో నిలబెట్టాడు.

సాయికృష్ణ కుర్చీ దగ్గరికి రాలేదు. చేతికర్ర సాయంతో నడిచి కిటికీ పక్క మంచం మీద కూర్చున్నాడు.

"రా," అన్నాడు సంతోష్.

"నాది నువ్వే ఆడు. బదిలీ."

"నువ్వు ఈడనే ఉన్నవ్ గద రా."

"లేను," అన్నాడు సాయికృష్ణ. "నీకు తెలుసు, నాకు తెలుసు. బోర్డుకు ఏం చెప్పాల్నో కూడా తెలుసు. నువ్వు ఆడు. బదిలీ అంటే ఎట్ల ఆడాల్నో యాదికున్నది గద. ఓడిపోవద్దు."

వంటింట్లో నీళ్ళ చప్పుడు ఆగింది. సంతోష్ సునంద వైపు చూడలేదు. చూస్తే ఆడలేనని తెలుసు. ఎర్రవాటి వైపు కుర్చీలో కూర్చుని ఒక ఎత్తు వేశాడు. లేచి ఇటు వచ్చి నీలివాటితో ఒక ఎత్తు వేశాడు. మళ్ళీ లేచాడు. ఎర్రవైపు కూర్చున్నప్పుడల్లా సాయికృష్ణ ఎట్లా ఆలోచిస్తాడో అట్లాగే ఆలోచించాడు. ప్రతి కోటకు రెండు దారులు వేశాడు. చలికాలం రాకముందే ధాన్యం నింపాడు. నీలివైపు కూర్చున్నప్పుడు కూడా దయ చూపలేదు. పన్నెండేళ్ళలో అంత నిజాయితీగా ఎప్పుడూ ఆడలేదు. పొద్దు అడవి మీదికి వాలేసరికి ఎర్ర కోటలన్నీ నిలబడి ఉన్నాయి. నీలివి సగం పోయాయి.

"గెలిచినవ్ రా," అన్నాడు.

సాయికృష్ణ కిటికీలోంచి గోడ మీది కోతులను చూస్తున్నాడు. విన్నాడో లేదో తెలియలేదు. సంతోష్ ముక్కలు డబ్బాలో వేయడం మొదలుపెట్టాడు. కళ్ళు మసకబారి ఏది ఎక్కడ వేస్తున్నాడో సరిగా కనబడలేదు.

"అందరు పైకొచ్చిండ్రా?" అన్నాడు సాయికృష్ణ, తల ఇటు తిప్పి.

"వచ్చిండ్రు."

"చింతగింజ?"

"వచ్చింది," అన్నాడు సంతోష్, అలవాటుగా. అని, అప్పుడు చూశాడు. చింతగింజ పటం మీదే ఉంది. ఖాళీ పటం నడుమ, ఏటి మలుపులో, ఒక్కటే. చెవులు భగ్గుమన్నాయి.

సాయికృష్ణ బల్ల వైపే చూస్తున్నాడు. చింతగింజ వైపే చూస్తున్నాడు. సంతోష్ చెవుల వైపు కూడా చూశాడు.

"అయితే ఇగ ఇంటికి పోదాం," అన్నాడు.

సంతోష్ ఆడిన అబద్ధం వాడి ముందు నిలబడటం అదే మొదటిసారి. డబ్బా మూత చేతిలో పట్టుకుని, ఇప్పుడైనా పట్టేస్తాడేమో, తిడతాడేమో అని అట్లాగే నిలబడ్డాడు. సాయికృష్ణ మళ్ళీ కిటికీ వైపు తిరిగి కోతులను చూస్తూ కూర్చున్నాడు. సునంద వచ్చి లైటు వేసి, చాయ్ పెట్టమంటవా అన్నా అని అడిగింది.